ముక్కు ముంచే పడవ

ఆ వేసవి మా షెడ్డులోంచి ఒకే ఒక్క పడవ బయటికొచ్చింది. అది కూడా కెరటాల్లో దింపిన ప్రతిసారీ ముక్కు ముంచి, అడ్డం తిరిగి, నన్ను ఇసకలో దొర్లించి గాని ఒడ్డుకు చేర్చేది కాదు.

పడవంటే చేపలు పట్టేది కాదు. కయాక్. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని లోపల కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డు వేసుకుంటూ సముద్రం మీదికి పోయే సన్నటి పడవ. మా నాన్న, బాబాయ్ కలిసి వాటిని ఫైబర్‌తో చేస్తారు. అచ్చులు, కొలతలు నాన్నవి. గ్లాసు గుడ్డ పరిచి రెసిన్ జిగురు పూసే పని బాబాయ్‌ది. పూస్తున్నంతసేపూ మాట్లాడతాడు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నడిపి చూసేది అమ్మ. కొత్త పడవ ఏదైనా సరే, ముందు రాతికట్ట లోపలి నిలకడ నీళ్లలో, తర్వాత కట్ట బయట కెరటాల్లో తిప్పి చూసి, ఒడ్డుకొచ్చి ఏదో ఒక వంక పెట్టేది. "సీటు అంచు తొడకి గుచ్చుతోంది." "తెడ్డు దించినప్పుడల్లా వేళ్లు అంచుకి రాసుకుంటున్నాయ్." వంక పెట్టకుండా ఏ పడవనూ వదిలింది లేదు. వంక ఎంత చిన్నదైతే నాన్న మొహం అంత వెలిగేది. ఆ చిన్న వంక సరిచేశాకే పడవ షెడ్డు దాటేది.

ఎండలు ముదరకముందే అమ్మ పోయింది. జబ్బు చాలాకాలం నడిచింది కాబట్టి వచ్చినవాళ్లందరూ "పోన్లే, బాధ తీరింది" అన్నారు. ఎవరి బాధో ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూశాను, రాలేదు. మొద్దుబారిపోయాను, అంతే. నేను పనిచేసేది కళ్లద్దాల షాపులో. సెలవు అయిపోగానే వెళ్లి, వచ్చినవాళ్ల కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి "ఇప్పుడు కనబడుతోందా? ఇప్పుడు?" అని అడుగుతూ కూర్చున్నాను. వాళ్లకి కనబడేది. నాకు మాత్రం ఏ రోజు ఏ వారమో తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున్న టీ తాగుతూ నాన్న అన్నాడు, "ఆ కొత్త అచ్చు పడవ పూర్తి చేస్తాను. సరిగ్గా వస్తే సరే. రాకపోతే షెడ్డుకి తాళం వేసేస్తా."

"తాళం వేసి నన్నేం చెయ్యమంటావ్ అన్నయ్యా? గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనా?" అన్నాడు బాబాయ్.

"వానలు పట్టేలోపు కయాక్ క్లబ్బు కోచ్ వస్తానంది. కెరటాల్లో నడిపి చూస్తుందట. నచ్చితే వాళ్ల పడవలన్నీ మన దగ్గరే చేయిస్తారు. నచ్చకపోతే నాకింక ఓపిక లేదు."

నాన్న బెదిరించే రకం కాదు. ఆయన అన్నాడంటే అంతే. షెడ్డు మూస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. వరండాలో అమ్మ మందుల బల్ల పక్కన కుర్చీలో కూర్చుంటాడు, ఇక లేవడు. ఒకరిని పోగొట్టుకున్న ఇల్లు ఇద్దరిని పోగొట్టుకుంటుంది. అప్పటికి నాకున్న ఒకే ఒక్క భయం అదే.

"నడిపి చూసేదెవరు?" అన్నాడు బాబాయ్. అని నాలిక్కరుచుకున్నాడు.

"నేను," అన్నాను. చిన్నప్పుడు తెడ్డు పట్టడం అమ్మే నేర్పింది. ఈత కంటే ముందు బోల్తాపడితే బయటపడటం నేర్పింది. నాన్న నన్ను ఎగాదిగా చూసి, గ్లాసు కింద పెట్టి, "సరే" అన్నాడు.

* * *

సీటు బిగించడానికి మా షెడ్డులో ఒక పద్ధతుంది. వెనకాల పెద్ద సిమెంటు తొట్టి ఉంటుంది, పడవ పొడుగునా. అందులో నీళ్లు నింపి, పైకప్పు లేని ఉట్టి పడవను దింపి, సీటు ఉండాల్సిన చోట ఇసక సంచులు పెడతారు. నడుముకో పెద్ద సంచి, తొడలకి రెండు పొడుగు సంచులు. పడవ పక్కన నాన్న ముందే గీత గీసి ఉంచుతాడు. ముందూ వెనకా నీళ్లు ఆ గీతను ఒకేలా తాకేదాకా సీటును ముందుకీ వెనక్కీ జరుపుతాడు. కుదిరిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఇక అక్కడే రెసిన్ పోసి బిగించేస్తాడు. కాగితం మీద లెక్కలేవీ ఉండవు. "నీళ్లకి అబద్ధం చెప్పడం రాదు" అంటాడు.

ఆ రోజు కూడా అలాగే చేశాం. పెద్ద సంచి నేనొక్కదాన్నే ఎత్తలేకపోయాను. బాబాయ్ ఓ కొస పట్టుకున్నాడు. సంచులు ఎక్కించేటప్పుడు ఇదివరకైతే బాబాయ్ ఎప్పుడూ ఒకే జోకు వేసేవాడు. ఆ రోజు నోరు తెరిచాడు గాని, మళ్లీ మూసేశాడు. నాన్న తొట్టి అంచున వంగి గీతను చూస్తూ, "వెనక్కి. ఇంకొంచెం. ఆఁ, చాలు" అన్నాడు. నీళ్లు ఊగడం మానాయి. గీత తిన్నగా ఉంది. ముగ్గురం చూశాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

* * *

రాతికట్ట లోపల నీళ్లు పొద్దున్నపూట కదలవు. ఆదివారం పొద్దున్నే పడవను భుజాన వేసుకుని వెళ్లాం. నేను లోపల దూరి, నాన్న నా పొడుగుకి జరిపిన కాళ్ల పలకలకి పాదాలు తన్నిపెట్టి, నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ రబ్బరు గుడ్డ బిగించుకుని, తెడ్డు ఒక్కటి వేశాను.

నిజం చెప్పాలంటే అంత మంచి పడవలో నేనెప్పుడూ కూర్చోలేదు. ఒక్క తెడ్డుకి ఎంత దూరం పోయిందో! చప్పుడు లేదు, ఊగుడు లేదు. గీత గీసినట్టు పోతోంది. నడుము ఒక పక్కకి వంచితే ఆ పక్కకే మెల్లగా తిరుగుతోంది. మళ్లీ నిటారుగా కూర్చుంటే మళ్లీ తిన్నగా. కట్ట చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. ఇంకో మనిషైతే కేకలేసేది. నేను మాత్రం బస్సులో కూర్చుని వెళ్లొచ్చినట్టు వెళ్లొచ్చాను.

నాన్న రాళ్ల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఏమంటోంది?" అన్నాడు.

అమ్మనూ అలాగే అడిగేవాడు. ఎలా ఉంది అని కాదు, ఏమంటోంది అని.

"బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"బాగానే అంటే బాగానే నాన్నా. ఏం చెప్పమంటావ్?"

ఇంకేదో అంటానని కాసేపు ఎదురుచూశాడు. వంక కోసం. నా దగ్గర వంక లేదు. నా దగ్గర ఏమీ లేదు. నాన్న మోకాళ్ల మీద చేతులేసుకుని లేచి, "పద" అన్నాడు.

బాబాయ్ మాత్రం సంబరపడిపోయాడు. "తాళం కొనే ఖర్చు తప్పింది అన్నయ్యా."

"కెరటాల్లో చూడనీ," అన్నాడు నాన్న.

* * *

కెరటాల్లోకి వెళ్లేటప్పుడు కూడా బంగారంలాగే ఉంది. ఎదురొచ్చే అలను ముక్కుతో చీల్చుకుని, ఒళ్లు తడిపి, అవతలికి జారేది. మూడు నాలుగు అలలు దాటితే చాలు, నురగ వెనకబడిపోయేది. అక్కడ పడవ తిప్పి, ఒడ్డు వైపు మొహం పెట్టి, వెనక నుంచి మంచి అల వచ్చేదాకా ఆగాలి. వచ్చింది. తోక లేచింది. నాలుగు తెడ్లు గట్టిగా వేశాను. పడవ అల మీదినుంచి కిందికి జారింది, జారి, ముక్కు నీళ్లలో గుచ్చుకుంది. గుచ్చుకుని అక్కడే ఆగిపోయింది. వెనక ఉన్న అల ఆగదుగా. తోకను పట్టుకుని పక్కకి తోసింది. పడవ అడ్డం తిరిగింది, తర్వాత తలకిందులైంది. నోట్లో ఉప్పు, ముక్కులో ఇసక.

గుడ్డ లాగి బయటపడి, పడవను ఈడ్చుకుంటూ ఒడ్డుకొచ్చాను. నాన్న పరిగెత్తుకొచ్చాడు, కాని నన్ను చూడలేదు. పడవ కింద చెయ్యి పెట్టి ఎక్కడైనా పగిలిందేమో తడిమాడు.

"ముందుకి వంగి కూర్చున్నావ్," అన్నాడు.

రెండోసారి వెనక్కి వాలి కూర్చున్నాను. అదే వరస. మూడోసారి తెడ్డును వెనక్కి చుక్కానిలా పట్టి ఆపాను. కొంచెం ఆగింది, తర్వాత అదే వరస. మోకాలు చెక్కుకుపోయింది. నొప్పి తెలియలేదు. అమ్మ పోయినప్పటినుంచి నాకు నొప్పి ఆలస్యంగా తెలిసేది, ఇంటికెళ్లి స్నానం చేసేటప్పుడు.

అలా వారాలు గడిచాయి. ఆదివారాలు నేను మునిగేదాన్ని. మిగతా రోజులు నాన్న పడవను గోకేవాడు. తోక కింద చిన్న రెక్క అంటించాడు, పీకేశాడు, ఇంకో చోట అంటించాడు. ముక్కును గరుకు కాగితంతో రుద్ది రుద్ది పలచన చేశాడు. షెడ్డంతా తెల్లటి దుమ్ము. ఆయన కనుబొమల మీద దుమ్ము, అన్నం కంచంలో దుమ్ము. ఏం చేసినా కట్ట లోపల పడవ పెళ్లికూతురే, బయటికెళ్తే గయ్యాళే.

ఒక ఆదివారం బాబాయ్ "నేను చూస్తా ఉండు" అన్నాడు. ఆయన నడుము ఆ రంధ్రంలో పట్టడమే ఒక పెద్ద ప్రయోగం. నేను భుజాలు పట్టుకుని కిందికి నొక్కాను. పట్టాడు. వెళ్లాడు. అల ఎక్కాడు. ముక్కు ఎంత లోతుకి పోయిందంటే పడవ నిటారుగా నిలబడి, బాబాయ్ ఓ క్షణం ఆకాశానికి వీపు చూపించి, వెల్లకిలా పడ్డాడు. ఒడ్డుకొచ్చి, చెవిలోంచి నీళ్లు దులుపుకుంటూ, "అన్నయ్యా, నువ్వు చేసింది పడవ కాదు, గడ్డపార" అన్నాడు.

నాన్న నవ్వలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ ఇద్దరి సంగతి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మద్దెలే ఓడు నాన్నా! నేనెలా కూర్చున్నా ముంచుతోంది, బాబాయ్ కూర్చుంటే ఇంకా ముంచుతోంది. పడవలోనే ఏదో తేడా ఉంది."

"ఈ పడవకి ఏ తేడా లేదు. నేను చేసినవాటిలోకెల్లా మంచి పడవ ఇది. నీకు చెయ్యి రాలేదు. మీ అమ్మ అయితే..."

ఆగిపోయాడు. ఆ వేసవి మొత్తమ్మీద ఆయన నోట అమ్మ మాట రావడం అదే మొదలు.

"అమ్మ లేదు," అన్నాను.

ఎంత మామూలుగా అన్నానంటే, 'చక్కెర అయిపోయింది' అన్నట్టు అన్నాను. బాబాయ్ పక్కకి తిరిగి, విప్పిన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నాన్న పడవ కిందికి వంగి మళ్లీ ముక్కు తడమసాగాడు.

ఆ సాయంత్రం నాకు తెలిసిపోయింది. పడవ బాగుపడకపోతే షెడ్డు మూతపడుతుంది, బాగుందంటే నేను పనికిరానిదాన్నని, ఇక పడవలు నడిపి చూసే మనిషే లేదని. రెండిట్లో ఏది నిజమైనా నాన్న కుర్చీలోనే కూర్చుంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దానికీ ఏడుపు రాలేదు. మోకాలికి మందు రాసుకుని పడుకున్నాను.

* * *

కోచ్ చెప్పినదానికంటే ముందే వచ్చేసింది. మబ్బులు అప్పుడే మొదలయ్యాయి, గాలికి కెరటాలు ఎత్తుగా ఉన్నాయి. ఫోన్లో గొంతు వినడమే గాని ఆవిడ్ని నేనెప్పుడూ చూడలేదు. పొడుగ్గా, భుజాలు తిరిగి ఉంటుందనుకున్నాను. ఆటో దిగిన మనిషి పొట్టిగా, గుండ్రంగా, గట్టిగా ఉంది. చీలమండలు లావు. నడుస్తుంటే ఇసకలో మడమలు గట్టిగా దిగుతున్నాయి.

"నమస్తే మేస్త్రీ గారూ. ఇదేనా?" అని, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు మీద రెండు వేళ్లతో తట్టి, "దింపుదామా?" అంది.

నాన్న పడవ తోక పట్టుకుని ఎత్తాడు.  ఆయన మొహం చూడలేక నేను నీళ్ల వైపు తిరిగాను.

ఆవిడ నాలుగు అలలు దాటి వెళ్లింది. పడవ తిప్పింది. ఎవరూ ఎక్కడానికి సాహసించనంత పెద్ద అల కోసం ఆగింది. తోక లేచింది. నేను కళ్లు మూసుకుందామనుకున్నాను గాని, రెప్పలు పడలేదు. పడవ జారింది. ముక్కు తేలే ఉంది. అల విరిగి నురగైంది, నురగలో కూడా ముక్కు తేలే ఉంది. గీత గీసినట్టు వచ్చి ఇసక మీద ఆగింది. ఆవిడ జుట్టు కూడా సరిగ్గా తడవలేదు.

నాన్న నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా, చిన్న పిల్లాడిలా. "చూశావా?" అన్నాడు నాతో. "చూశావా? నేను చెప్పలేదూ?"

చూశాను. షెడ్డు బతికింది, నాన్న బతికాడు. నేను ఆనందపడాల్సింది. ఆనందం రాలేదు సరికదా, చచ్చేంత సిగ్గేసింది. ఇన్ని వారాలు పడవను తిట్టాను. తప్పంతా నాదే. అమ్మ కూతుర్ని అయ్యుండీ చెయ్యి రాలేదు.

ఆవిడ మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. మూడోసారి వెళ్లేటప్పుడు వెనకనుంచి చూస్తూ ఉన్నాను. పడవలో కూర్చున్న ఆ గుండ్రటి వీపు, మెడ కిందికి దిగిన భుజాలు, తెడ్డు వేస్తుంటే నడుము దగ్గర ముడతపడే జాకెట్టు. బాబాయ్ కూడా చూస్తున్నాడు. "అమ్మడూ," అన్నాడు మెల్లగా. ఆ వీపు ఎవరిదిలా ఉందో ఇద్దరికీ తెలుసు. 

ఆవిడ దిగి వచ్చి, "అబ్బ! నాకోసం కొలిచి కుట్టినట్టుందండీ," అంది. "అదే చిక్కు కూడా. నేను తిప్పితే ఏం లాభం? తిప్పేది మా పిల్లలు. వాళ్లంతా ఇదిగో, ఈ అమ్మాయిలా పొడుగూ ఒడ్డూ ఉంటారు. ఇన్నాళ్లూ నడిపి చూసింది నువ్వేనటగా, ఎక్కమ్మా ఓసారి. లోపలికి పోనక్కర్లేదు, ఇక్కడే."

మోకాలి లోతు నీళ్లలో ఎక్కి కూర్చున్నాను. ఆవిడ పక్కన నిలబడి, తన తెడ్డును పడవ పైకప్పు మీద పొడుగ్గా పెట్టి వదిలేసింది. తెడ్డు మెల్లగా ముక్కు వైపుకి జారిపోయి నీళ్లలో పడింది.

"చూశారా? ఈ అమ్మాయి కూర్చుంటే ముక్కు వంగుతోంది. కదలని నీళ్లలో తెలీదు, ఇంకా బాగుందనిపిస్తుంది కూడా. అల మీద నుంచి జారేటప్పుడు మాత్రం గుచ్చుకుంటుంది. ఇంత కెరటంలో ఈ పడవను ఒడ్డుదాకా తెచ్చిందంటే ఈ అమ్మాయికి గట్టి చెయ్యే ఉండాలి." వంగి తెడ్డు తీసుకుంటూ అడిగింది, "సీటు ఎవరి బరువు పెట్టి బిగించారు మేస్త్రీ గారూ?"

 బాబాయ్, నోట్లో నువ్వుగింజ నానని బాబాయ్, ఇసకలో కాలి బొటనవేలితో గుంట తవ్వుతున్నాడు.

"సంచులు..." అన్నాడు నాన్న. 

ఆవిడకి ఏమీ తెలియదు కాబట్టి ఏమీ అడగలేదు. "సీటు ఈ అమ్మాయికి సరిపడా జరపండి. వానలు పట్టేలోపు ఇంకోసారి వస్తాను. నాకేం ఫర్వాలేదు, ముందు అరలో రెండు నీళ్ల సీసాలు పెట్టుకుంటా," అని ఆటో ఎక్కింది.

* * *

ఆ సంచులు నేను బడికెళ్లే రోజుల్లోవి. ప్రతి పడవకీ అమ్మ తొట్టిలో దిగి, నాన్న సీటు జరుపుతున్నంతసేపూ తడి బట్టల్లో వణుకుతూ కూర్చోవాల్సి వచ్చేది. విసుగెత్తి, చిరిగిన తెరచాప గుడ్డతో ఈ మూడు సంచులూ కుట్టింది. పాత ఇనుము కొట్లో పెద్ద కాటా ఉంది, దూలానికి గొలుసుతో వేలాడేది. ఒక పళ్లెంలో అమ్మ కూర్చుంది, రెండో దాంట్లో సంచులు పెట్టి బాబాయ్ ఇసక పోశాడు. ముల్లు నిలబడగానే అమ్మ దిగొచ్చి సంచుల మూతులు తనే బిగించి ముడేసింది. "ఇక నన్ను తడపకండి" అంది. అప్పట్నుంచి బాబాయ్‌కి ఆ సంచుల పేరు 'వదిన'. "వదినను కూర్చోబెట్టావా అన్నయ్యా? వదిన బాగా కూర్చుందా?" ప్రతి పడవకీ అదే జోకు. అమ్మ వంటింట్లోంచి "నోర్ముయ్" అనేది.

అమ్మ పోయాక ఆ జోకు ఎవరు వేస్తారు? 'సంచులు' అన్నాం, వట్టి సంచులు. అవి ఎవరి బరువో ఆ మాటతోపాటే మర్చిపోయాం. ఇన్నేళ్లూ కూర్చోబెట్టినట్టే అమ్మను కూర్చోబెట్టి, అమ్మకి సరిపడా సీటు బిగించి, ఆ పడవలో నన్ను ఎక్కించి, ఎందుకు మునుగుతున్నావని తిట్టాడు నాన్న. పైగా ముగ్గురం కలిసి చేశాం ఆ పని.

షెడ్డులోకి వెళ్లేసరికి నాన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నేల మీద మూడు సంచులు.

"నాకు తట్టనే లేదు," అన్నాడు.

"ఎవరికీ తట్టలేదు నాన్నా."

"తప్పు నీ చేతిది కాదు."

"సర్లే," అన్నాను. ఆ ఒక్క మాట కోసం వేసవంతా మునిగాను. తీరా వచ్చాక దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి పెద్ద సంచి దగ్గర కూర్చున్నాను. "నేను అమ్మకంటే బరువు కదా. ఇంకాస్త ఇసక పోస్తే సరిపోతుంది," అని మూతి తాడు పట్టుకున్నాను.

"విప్పకు."

కసురుకున్నట్టు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అది ఆవిడేసిన ముడి" అన్నాడు.

చెయ్యి తీసేశాను. సంచి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చున్నాను. గట్టిగా, చల్లగా, నిండుగా ఉంది. ఆస్పత్రిలో చివర్లో అమ్మను మంచం మీంచి కుర్చీలోకి నేనొక్కదాన్నే ఎత్తేదాన్ని. నర్సు సాయం వస్తానన్నా అక్కర్లేదనేదాన్ని, నిజంగానే అక్కర్లేకపోయేది. ఈ సంచిని మాత్రం ఎత్తలేను. రోజురోజుకీ తరిగిపోయిన అమ్మ ఇక్కడ ఒక్క పిడికెడు కూడా తరగలేదు.

నాన్న లేచి, అరలోంచి తెరచాప గుడ్డ ముక్కొకటి తీశాడు. అమ్మ సూది తీశాడు. దారం ఎక్కించడానికి కళ్లు ఆనక నా చేతికిచ్చాడు. నేను ఎక్కించి ఇచ్చాను. ఆయన కుట్టాడు. దారుణంగా కుట్టాడు, ఓ కుట్టు పొడుగు, ఓ కుట్టు పొట్టి. రెండు చేతులు పట్టేంత చిన్న సంచి తయారైంది.

మర్నాడు మూడు సంచులూ బండి మీద వేసుకుని ఇనుము కొట్టుకి వెళ్లాం. ఆ కాటా ఇంకా వేలాడుతూనే ఉంది. కొట్టతను నన్ను పళ్లెంలో కూర్చోబెట్టడం చూసి, "పాత ఇనుము అనుకున్నానండీ, కొత్త సరుకే తెచ్చారే!" అన్నాడు. రెండో పళ్లెంలో నాన్న, బాబాయ్ కలిసి పెద్ద సంచి పెట్టారు, దాని మీద తొడల సంచులు పెట్టారు. చేతులు వదిలారు. నేను నేలకి దిగాను. ఎదురుగా సంచులు పైకి లేచాయి.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "వదినా," అన్నాడు సంచులతో, "ఏం పెట్టి పెంచావో గాని, పిల్ల నిన్ను మించిపోయింది."

నాన్న ఆయన వైపు చూశాడు. ఒక్క క్షణం నాకు భయమేసింది. తర్వాత నాన్న భుజాలు ఊగాయి. నవ్వో ఏడుపో నేను చెప్పలేను, మొహం అటు తిప్పుకున్నాడు. అలాగే తిరిగి నిలబడి, చిన్న సంచి సంచుల మీద పెట్టి, అందులో పిడికిళ్లతో ఇసక పోశాడు. పిడికెడు, ఆగడం, ముల్లు చూడటం, మళ్లీ పిడికెడు. నేను మెల్లగా లేచాను. నా కాళ్లు నేల వదిలాయి. సంచులు మెల్లగా దిగాయి. ఒకచోట ఇద్దరం ఎదురెదురుగా ఆగిపోయాం, గాల్లో, కదలకుండా.

"ఆఁ, చాలు," అన్నాడు నాన్న. చిన్న సంచి మూతికి ముడి తనే వేశాడు.

* * *

సీటు జరిగింది ఎంతో కాదు, బొటనవేలంత వెనక్కి. గట్టిపడ్డ రెసిన్ పగలగొట్టి, సీటు తీసి, మళ్లీ తొట్టిలో దింపి, పాత సంచుల మీద కొత్త సంచి పెట్టి చూసి బిగించారు. "వదిన బాగా కూర్చుందా?" అన్నాడు బాబాయ్. "కూర్చుంది," అన్నాడు నాన్న. వంటింట్లోంచి నోర్ముయ్ అనేవాళ్లు లేరు. నేను అందామనుకున్నాను గాని నోరు రాలేదు.

కోచ్ రాకముందే ఒకసారి చూద్దామని వెళ్లాం. ఆకాశం మూసుకొచ్చింది. ఒడ్డు మీద మనుషుల్లేరు. కట్ట లోపల దింపనేలేదు, నేరుగా కెరటాల్లోకే పోయాను. అలలు దాటాను, పడవ తిప్పాను, ఆగాను. వెనక్కి చూడలేదు. తోక లేచినప్పుడు వీపుకి తెలుస్తుంది. లేచింది. తెడ్డు వేశాను.

ముక్కు కిందికి చూసింది, నీళ్లను తాకింది, తేలింది. మొహం మీద నురగ కొడుతోంది, పడవ మాత్రం తిన్నగా పోతోంది. తెడ్డు వెయ్యక్కర్లేదు. నడుము కొంచెం అటూ ఇటూ అంటే చాలు. అల నన్ను మోసుకొచ్చి ఇసక మీద పెట్టింది. బాబాయ్ ఈలలేస్తూ గంతులేస్తున్నాడు. నాన్న మాత్రం మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి నిలబడ్డాడు, ప్యాంటు తడుపుకుంటూ.

"ఏమంటోంది?"

బాగానే ఉంది అనబోయాను. అది నిజం కాదు. ఇన్ని వారాలూ కాళ్ల మొద్దుతనంలో తెలియనిదొకటి ఇప్పుడే తెలిసింది.

"ఎడమకాలికి పలక అందట్లేదు," అన్నాను. "కుడిది సరిగ్గా ఉంది. ఎడమది కొంచెం దూరంగా ఉంది. అల వచ్చినప్పుడు తన్నిపట్టుకుందామంటే మడమ జారిపోతోంది. అమ్మది ఎడమకాలు..."

అమ్మది ఎడమకాలు కొంచెం పొడుగు. చెప్పులు కొన్నప్పుడల్లా చెప్పేది; నాన్న చేతులు అలవాటుగా ఎడమ పలకను ఆ తేడాతోనే బిగించాయి. ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాను. ఏడుపొచ్చేసింది. ఎక్కడినుంచి వచ్చిందో, నీళ్లలో, పడవలో కాళ్లు ఇరుక్కుని, నడుముకి రబ్బరు గుడ్డ బిగించుకుని, లేవడానికి కూడా వీల్లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను. నాన్న ఆపమనలేదు. చిన్న అల ఒకటొచ్చి పడవను లేపబోతే, ముక్కు మీద చెయ్యేసి కదలకుండా పట్టుకున్నాడు.

కొంచెం తగ్గాక చెవి మీదినుంచి పెన్సిల్ తీశాడు.

"ఎంత దూరం ఉంది?" అన్నాడు. "వేళ్లతో చూపించు."